పసుపు పడని పెళ్లికూతురు

పసుపు పడదని చెప్పింది నేనే. ఇంకెవరి మీదా తోసెయ్యడానికి లేదు. కాకినాడ నుంచి సూట్‌కేసు నిండా పసుపూ కుంకుమా సున్నిపిండీ మోసుకొచ్చిన వియ్యపురాలి ముందు కూర్చుని, "మా పిల్లకి పసుపు ఎలర్జీ అండీ" అనేశాను. వేరే ఏదైనా చెప్పొచ్చు కదా! జీడిపప్పు పడదనొచ్చు, పిల్లి పడదనొచ్చు. అబ్బే, తెలుగువాళ్ళ పెళ్లిలో నా నోటికి పసుపే దొరికింది.

ముందు నుంచి చెప్తాను, లేకపోతే నన్ను పిచ్చిదాన్ననుకుంటారు.

నేను పళ్ళ డాక్టర్ని. దేశం వదిలొచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్ళం మేం. బ్లాక్‌టౌన్‌లో చిన్న క్లినిక్కు. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ఊళ్ళోవాళ్ళ గడ్డాలు పట్టుకుని నోళ్ళు తెరిపించడమే నా ఉద్యోగం. మా అన్నయ్య శ్రీపతి వాళ్ళుండేది దగ్గర్లోనే, స్కోఫీల్డ్స్‌లో. వాళ్ళకి ఒక్కగానొక్క కూతురు గీతిక. దానికి పెళ్లి కుదిరింది. అబ్బాయి పేరు భార్గవ్, ఐటీ ఉద్యోగం, నెమ్మదస్తుడు, దీన్ని చూస్తే చాలు మొహం ఇంతవుతుంది వాడికి. పెళ్లి రెండు వారాల్లో ఉందనగా గీతిక పళ్ళు శుభ్రం చేయించుకోవడానికి నా దగ్గరికొచ్చింది. ఫొటోల్లో మెరవాలి కదా మరి.

కుర్చీ వెనక్కి వాల్చి పైన లైటు వేశాను. ఎడమచేత్తో గడ్డం పట్టుకున్నాను. వేళ్ళకి గరుగ్గా తగిలింది. ఆ లైటు కింద ఏదీ దాగదు. దవడ అంచునా గడ్డం కిందా నల్లటి చుక్కలు, మధ్యమధ్య ఎర్రటి పొక్కులు. పొద్దున గీసుకున్న మగాడి మొహం సాయంత్రానికి ఎలా అవుతుందో, అలా.

ఇలాంటి గడ్డాలు నేను చూడనివా? కానీ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. పిల్లకి ఆ ఆగడం చాలు. కళ్ళు గట్టిగా మూసుకుంది. పడుకుని ఉంది కదా, కన్నీళ్ళు చెవుల్లోకి కారిపోతున్నాయి.

"సారీ అత్తా," అంది నోట్లో గొట్టం ఉండగానే.

"సారీ ఏంటే, నా మొహం! ఎవరికి సారీ?" గొట్టం తీసేసి, నర్సుని బయటికి పంపి, దాన్ని లేపి కూర్చోబెట్టాను.

దానికి పీసీఓఎస్, అదే ఆ హార్మోన్ల జబ్బు, ఉందన్న సంగతి ఇంట్లో అందరికీ తెలిసిందే. హైస్కూల్లో ఉండగానే బయటపడింది. నెలల తరబడి పీరియడ్స్ రాకపోవడం, వస్తే ఆగకపోవడం, కడుపు మాడ్చుకున్నా ఒళ్ళు తగ్గకపోవడం. "కొంచెం బరువు తగ్గితే అన్నీ సర్దుకుంటాయమ్మా" అని దానికి సలహా ఇవ్వనివాళ్ళు పాపాత్ములు. అంతకుముందు వచ్చిన పాయింట్ కుక్ ఊరి సంబంధంవాళ్ళయితే ఆ మాట వినగానే "పిల్లలు పుడతారో లేదో" అని తప్పుకున్నారు. ఇదంతా తెలుసు. గడ్డం సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. యూనివర్సిటీలో చేరినప్పటి నుంచీ రోజూ బాత్‌రూమ్ తలుపేసుకుని గీసుకుంటోందట. లేజర్ చేయిస్తే కొన్నాళ్ళు తగ్గి మళ్ళీ మొలిచాయట. ఇప్పుడు మాత్రలు వాడుతోంది, కాస్త నెమ్మదించాయి గానీ పూర్తిగా పోలేదు.

"భార్గవ్‌కి చెప్పావా?"

"పీసీఓఎస్ అని చెప్పాను. హీ వాజ్ సో స్వీట్. మొత్తం చదువుకుని వచ్చి నాకే లెక్చర్ ఇచ్చాడు." ముక్కు తుడుచుకుంది. "పీసీఓఎస్ అని చెప్పడం ఈజీ అత్తా. రోజూ గడ్డం గీసుకుంటానని ఎలా చెప్తాం?"

టిష్యూల డబ్బా దాని ఒళ్ళో పెట్టాను.

ఇంతకీ దాని భయం ఏంటంటే నలుగు. ఇప్పుడు నలుగంటే ఎవరికీ ఆనట్లేదు, హల్దీ అంటున్నారు. పచ్చ బట్టలు, పచ్చ పూలు, డీజే, వీడియోవాడు, రెండువైపులవాళ్ళూ ఒక్కచోటే. ముత్తైదువులందరూ వరసగా వచ్చి పెళ్లికూతురి బుగ్గలకీ గడ్డానికీ పసుపు రాస్తారు.

"అందరి చేతులకీ తగులుతుంది అత్తా. భార్గవ్ వాళ్ళమ్మ చూస్తూ ఉంటారు. ఆ పొద్దున్నే గీసుకుని కూర్చుంటే పసుపు పడి నిప్పులా మండుతుంది, అదీ చూసేశాను. మానేద్దాం అంటే అమ్మ ఎందుకు, వై అని చంపేస్తుంది." మెళ్ళో కట్టిన నాప్కిన్ అంచు వేళ్ళకి చుట్టుకుంది. "చిన్నప్పుడు మూతి మీద వెంట్రుకలు రాకూడదని అమ్మ రోజూ పసుపూ శనగపిండీ పెట్టి రుద్దేది. మూతి పుండయ్యేది. పచ్చ మొహంతో స్కూలుకెళ్తే పిల్లలు ఎలా నవ్వేవాళ్ళో నీకు తెలీదు. మళ్ళీ అందరి ముందు అదే చెయ్యమంటే నేను పెళ్లే వద్దంటాను. ఐ మీన్ ఇట్."

అది ఉత్తి బెదిరింపు కాదు. మా వంశంలో మొండితనం ఎంతుందో నాకు తెలుసు. ప్రేమించిన పిల్లాణ్ణి ఒక పసుపు గిన్నె కోసం వదులుకునేలా ఉంది.

"నువ్వేం భయపడకు. నేను చూసుకుంటాగా," అన్నాను. ఎలా చూసుకుంటానో నాకే తెలియదు.

ఆ ఆదివారమే అన్నయ్యగారింట్లో భోజనాలు. భార్గవ్ వాళ్ళమ్మ శేషుకుమారిగారు దిగి రెండు రోజులే అయింది. హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. ఎదురుగా కూర్చుంటే మనం హోమ్‌వర్క్ చెయ్యలేదేమో అనిపిస్తుంది. భర్త పక్షవాతంతో చాలా ఏళ్ళు మంచంలోనే ఉండి, నాలుగేళ్ళ కిందట పోయారు.

భోజనాలయ్యాక ఆవిడ స్టీలు డబ్బా తెరిచి టేబుల్ మీద పెట్టారు. గదంతా పసుపు వాసన.

"కొమ్ములు నేనే దంచి జల్లించాను. ఎయిర్‌పోర్టులో ఆ అబ్బాయి మూత తీసి వాసన చూసి తుమ్మాడు, పాపం," అన్నారు. "ఆ రోజుకి అన్నీ నేను కలిపి అందిస్తాను. మీ ముత్తైదువులు రాయండి. నేను పక్కనుంటాను."

ఆ చివరి మాట ఎంత మామూలుగా అన్నారంటే, ఎవరూ పట్టించుకోలేదు. మా వదిన శ్యామసుందరి మాత్రం "అవునవును వదినగారూ, మీరు హాయిగా కూర్చుని చూడండి" అని గబుక్కున అనేసింది. నాకు ఒళ్ళు మండింది గానీ ఊరుకున్నాను.

ఆవిడ గీతిక వైపు తిరిగారు. "గడ్డం కిందా మెడకీ బాగా పట్టించి రుద్దాలమ్మా. అప్పుడే నిగారింపు వస్తుంది."

గీతిక మంచినీళ్ళ గ్లాసు టేబుల్ మీద పెట్టేసింది. కుర్చీలోంచి లేచింది. ఇంక ఇప్పుడే అనేస్తుంది, ఈ పెళ్లి వద్దని అనేస్తుంది అనుకున్నాను. అప్పుడే నా నోరు జారింది.

"మా పిల్లకి పసుపు ఎలర్జీ అండీ!"

అందరూ నా వైపు తిరిగారు. మా వదిన నోరు తెరిచింది. "ఎలర్జీ ఏంటి బిందూ? చిన్నప్పుడు రోజూ నేనే రాసేదాన్నిగా!"

"అందుకే వచ్చింది! రోజూ రాస్తే వచ్చే రకం!" అన్నాను. డాక్టర్నయ్యుండి, సిగ్గులేకుండా.

శేషుకుమారిగారు డబ్బా మూత నెమ్మదిగా పెట్టేశారు. "మరి తాళి?" అన్నారు.

అమ్మ బాబోయ్, ఆ మాట నాకు తట్టనేలేదు. తాళి కట్టేది పసుపుతాడుతో. తలంబ్రాలు పసుపు బియ్యం. అక్షింతలు పసుపు. ఆవిడ నమ్మేశారు. ఎంత నమ్మారంటే, అక్కడే కూర్చుని కాకినాడ పంతులుగారికి ఫోన్ చేసి, పసుపుతాడు బదులు బంగారు గొలుసు కట్టొచ్చని ఒప్పించారు. తలంబ్రాలకి కుంకుమపువ్వు. పులిహోరలో కూడా పసుపు వెయ్యొద్దని క్యాటరర్‌కి చెప్తే, అతను తమాషా చేస్తున్నారనుకుని ఫోన్ పెట్టేశాడు. ఇంక నలుగు తప్పింది కదా అని నేను ఊపిరి పీల్చుకుంటుండగా ఆవిడ అన్నారు, "నలుగుకేముంది, గంధం అరగదీసి రాద్దాం. గంధం అందరికీ పడుతుంది."

అయిపోయింది. చేతులు అవే, గడ్డం అదే, రంగు మారింది అంతే.

గీతిక నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళింది. "టర్మరిక్కా అత్తా? ఆఫ్ ఆల్ థింగ్స్? తెలుగు పెళ్లిలో టర్మరిక్ ఎలర్జీనా?" అని తిట్టడం మొదలుపెట్టింది. తిడుతూ తిడుతూ మధ్యలో నవ్వొచ్చేసింది దానికి. పసుపు లేని పులిహోర అని ఇద్దరం సింకు పట్టుకుని కడుపు నొప్పొచ్చేలా నవ్వాం. నవ్వు ఆగేసరికి అది ఏడుస్తోంది.

నాలుగు రోజుల తర్వాత శేషుకుమారిగారు ఒంటరిగా నా క్లినిక్‌కి వచ్చారు. ట్రైన్ ఎక్కి, దారి అడుక్కుంటూ వచ్చారట. పళ్ళేమీ నొప్పిగా లేవు.

"బిందుగారూ, ఒక్క మాట అడుగుతాను. అమ్మాయికి ఒంటి మీద ఏమైనా ఉందా? చర్మానికి సంబంధించింది? పసుపన్నారు. గంధమన్నా ఆ పిల్ల మొహం అలాగే పాలిపోయింది. నాకు నిద్ర పట్టట్లేదు."

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఒక అబద్ధానికి మరమ్మతు చెయ్యాలంటే ఇంకో అబద్ధం కావాలి, అది ఇంకెక్కడికి పోతుందో ఎవరికి తెలుసు? నిజం చెప్పేద్దామా అంటే, అది నాది కాదు. నేను చెప్తే ఆ పిల్ల మళ్ళీ నా మొహం చూడదు.

"ఉంది అనీ చెప్పను, లేదు అనీ చెప్పనండీ," అన్నాను. "అది దాని సంగతి. అడగాలంటే దాన్నే అడగండి."

"అడగను," అన్నారు ఆవిడ. "అడిగితే భయపడి ఏదో ఒకటి చెప్తుంది. తనంతట తను చెప్తే వింటాను." హ్యాండ్‌బ్యాగ్ తీసుకుని వెళ్ళిపోయారు.

ఆ మాట అలాగే గీతికకి ఫోన్‌లో చెప్పాను. "ఓకే అత్తా," అని పెట్టేసింది.

హల్దీ రోజు శనివారం. అన్నయ్యగారి పెరట్లో షామియానా వేశారు, బట్టలారేసే స్టాండుకి కూడా బంతిపూల దండలు చుట్టారు. ముత్తైదువులు పచ్చ చీరల్లో దిగిపోయారు. శేషుకుమారిగారు లేతరంగు నేతచీర కట్టుకుని, ఒక మూల బల్ల దగ్గర నిలబడి గిన్నెలు సర్దుతున్నారు. పెళ్లికూతురికి గంధం గిన్నె, మిగతావాళ్ళు సరదాగా పూసుకోవడానికి పసుపు గిన్నె. రాసేవాళ్ళ వరస మొదలయ్యే చోటుకి ఆవిడ బాగా దూరంగా నిలబడ్డారు.

గీతిక లాండ్రీ గదిలోంచి తల బయట పెట్టి నన్ను పిలిచింది. "అత్తా, ఆంటీని ఇలా తీసుకురా."

"ఏం చేస్తావే?"

"తీసుకురా, ప్లీజ్."

తీసుకొచ్చాను. వాషింగ్ మెషీన్‌కీ గోడకీ మధ్య ముగ్గురం ఇరుక్కుని నిలబడ్డాం. నేను తలుపు వేశాను.

"ఆంటీ, నాకు పసుపు ఎలర్జీ లేదు," అంది గీతిక. ఆవిడ చెయ్యి పట్టుకుని తన గడ్డం మీద పెట్టుకుంది. "ఇదీ సంగతి. పీసీఓఎస్ వల్ల వస్తాయి. రోజూ షేవ్ చేసుకుంటాను. ఇవాళ చేసుకోలేదు, మీకు ఉన్నది ఉన్నట్టు చూపించాలని. భార్గవ్‌కి కూడా తెలీదు. మీకు ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పెయ్యండి. బయట అంతమంది ఉన్నా ఫర్వాలేదు."

శేషుకుమారిగారు చెయ్యి తీయలేదు. బొటనవేలితో దవడ అంచు నెమ్మదిగా తడిమి చూశారు, కళ్ళజోడు సర్దుకుని ఇంకా దగ్గరికి వంగారు.

"ఇదా?" అన్నారు. "ఇదా ఇన్నాళ్ళూ దాచింది? ఏం జబ్బో ఏమిటో అని నేను తిండి మానేశాను కదే!" నా వైపు తిరిగారు. "మీ సంగతి తర్వాత చూస్తాను."

"చూడండి," అన్నాను. ఆ క్షణంలో ఆవిడ నన్ను బెంచీ ఎక్కించినా ఎక్కేదాన్నే.

ఆవిడ మళ్ళీ గీతిక గడ్డం పైకెత్తి చూశారు. "ఈ పొక్కులేంటి? కింద నుంచి పైకి గీస్తున్నావా?"

"అవును ఆంటీ. అలా అయితే బాగా క్లోజ్‌గా వస్తుందని."

"తప్పు. వెంట్రుక మొలిచిన వైపుకే గియ్యాలి. ముందు వేడినీళ్ళ గుడ్డ వేసి మెత్తబడనివ్వాలి. మా ఆయన మంచాన పడ్డాక రోజూ నేనే గీసేదాన్ని, మొదట్లో ఆయన్నీ ఇలాగే కోసి పెట్టాను. ఎవరూ నేర్పలేదా నీకు?"

"ఎవరు నేర్పుతారు ఆంటీ?" అంది గీతిక.

నిజమే, ఆడపిల్లకి అది ఎవరు నేర్పుతారు? స్కూలు యూనిఫాం వేసుకున్నంతకాలం జడ వెయ్యడం నేర్పాం, చీర కుచ్చిళ్ళు పెట్టడం నేర్పాం. ఇది మాత్రం ఒక్కతే తలుపేసుకుని, కోసుకుని, నెత్తురు తుడుచుకుని నేర్చుకుంది.

"నేను నేర్పుతాను," అన్నారు ఆవిడ. "భార్గవ్‌కి ఎవరు నేర్పారనుకున్నావు? వాడికి మీసాలొచ్చేసరికే వాళ్ళ నాన్న మంచంలో ఉన్నారు."

అప్పుడు గీతిక ఏడ్చేసింది. ఆవిడ భుజం మీద తల పెట్టి, ఆ నేతచీర తడిసిపోయేలా ఏడ్చింది. ఆవిడ వీపు నిమురుతూ, "వాడికి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అని అడిగారు.

"నేనే చెప్తా. ఈ సాయంత్రమే." తల ఎత్తింది. "ఇంకొకటి. మొహానికి మీరే రాయండి. పసుపే రాయండి. మీరొక్కరే."

శేషుకుమారిగారు చెయ్యి వెనక్కి తీసేసుకున్నారు. "నేను రాయకూడదమ్మా. నీకు తెలీదు, అమ్మనడుగు."

"నాకు తెలుసు. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వను. ఇది నా మొహం కదా అత్తయ్యా."

ఆంటీ అనలేదు. అత్తయ్యా అంది. హెడ్‌మిస్ట్రెస్‌గారు కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు.

బయటికొచ్చి గీతిక పీట మీద కూర్చుని, "అత్తయ్యగారు రాస్తారు" అని అందరికీ వినపడేలా చెప్పింది. గుసగుసలు మొదలయ్యాయి. మా వదిన పరుగున వచ్చి నా చెయ్యి గిల్లింది. "బిందూ, శుభమా అని పెళ్లి చేసుకుంటూ ఆవిడ చేత్తోనా? నలుగురూ ఏమనుకుంటారు? అసలు ఎలర్జీ కదా!"

"ఎలర్జీ పోయింది," అన్నాను. "నలుగురికీ అంత సరదాగా ఉంటే కాళ్ళకీ చేతులకీ రాసుకోమను, ఎవరొద్దన్నారు? ఏం వదినా, మా అన్నయ్య బతికున్నాడని నీ చేతికేమైనా బంగారు పూత పూశారా?"

వదిన ఇంకేదో అనబోయింది. అప్పుడు గీతిక "అమ్మా" అని పిలిచింది. తల పైకెత్తి, ఎండలోకి తిప్పి, వాళ్ళమ్మ కళ్ళలోకి చూసింది. గీసుకోని గడ్డం. వదిన చూసింది. తను రుద్దీ రుద్దీ పోగొట్టాననుకున్నవి అక్కడే ఉన్నాయని ఆ ఎండలో చూసింది. మొహం అంతా ముడుచుకుపోయింది. తనే వెళ్ళి బల్ల మీది పసుపు గిన్నె తెచ్చి శేషుకుమారిగారి చేతిలో పెట్టింది.

"మెల్లగా రాయండి వదినగారూ," అంది. "దానికి మండుతుంది."

శేషుకుమారిగారు ముందు కొబ్బరినూనె రాశారు. తర్వాత పసుపు. బుగ్గల నుంచి గడ్డం దాకా, పై నుంచి కిందికి, ఒకే వైపుకి రాశారు. ఆయన పోయాక శుభకార్యంలో ఒక మనిషి మొహం మీద చెయ్యి వెయ్యడం ఇదే మొదటిసారని, నాకు కాదు, ఎవరికీ కాదన్నట్టు గొణుక్కున్నారు.

నా కుర్చీలో కళ్ళు మూసుకుని ఏడ్చిన పిల్ల, ఇప్పుడు కళ్ళు తెరుచుకునే ఉంది. ఆవిడ వేళ్ళు గడ్డం కిందికి వచ్చేసరికి, ఇంకొంచెం అందేలా తల పైకెత్తింది.